ఆ అతుకు ఊడలేదు

వజ్రకరూరులో అక్కా, నీ మోకాళ్ళ వాపు తగ్గిందా? తేమగా ఉన్న గడపలో కూర్చోవద్దని మొన్న మనిషితో చెప్పి పంపాను, చెప్పాడో లేదో. ధర్మవరంలో తమ్ముడూ, కంట్లో మందు రెండు పూటలా వేసుకుంటున్నావా? ఒక పూట తప్పితే మళ్ళీ మొదటికొస్తుంది. కంబదూరులో చిన్నల్లుడికి కడుపు మంట ఎలా ఉంది, కారం మానేశాడా? పిల్లల దగ్గు సంగతి ఎవరూ రాయలేదు. రాయలేదంటే తగ్గిందనుకోవాలో, ఎక్కువైందనుకోవాలో తెలియక రెండు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు.

ఇలా అందరినీ వరసగా అడిగి, చివరికి మా మరిది దమ్ము, ఆ ఆయాసం ఎలా ఉందని అడగడం నాకు అలవాటు. ఈసారి ఆ మాట అడగనక్కర లేదు. పోయిన గురువారం మధ్యాహ్నం, అంగడి ముందరి బల్ల మీద కూర్చుని, ఒళ్ళో సైకిలు ట్యూబు ఉండగానే మా మరిది వెళ్ళిపోయాడు. పంచరు వేయించుకోవడానికి వచ్చిన మనిషి, కునుకు తీస్తున్నాడనుకుని చాలాసేపు ఎదురుచూశాడట.

మా ఇంటాయన తమ్ముడు అతను. నేను కాపురానికి వచ్చేనాటికి పాలపళ్ళు ఊడుతున్న వయసు. పెద్దయ్యాక సేద్యం తనకు పట్టదని చెప్పి, కల్యాణదుర్గం దారిలో మా ఊరి మొదట్లో చిన్న కొట్టం వేసుకుని సైకిళ్ళకు పంచర్లు వేస్తూ బతికాడు. నేను చదివింది మూడో తరగతి. పెద్ద మాటలు రాయడం రాదు. అయినా ఇది రాయాలి. ఎందుకంటే ఊళ్ళో పాతవాళ్ళు ఇప్పటికీ అతని అంగడిని "అతుకు ఊడే అంగడి" అంటారు. శవాన్ని లేపేటప్పుడు కూడా వెనక ఎవరో ఆ మాట అన్నారు, నవ్వుతూనే అన్నారు, నేను విన్నాను. ఆ పేరు తప్పు. ఆ తప్పు నాది. పదేళ్ళుగా దాచిపెట్టాను.

ముందు అతని పనితనం చెప్పాలి. పంచరు వేసేవాళ్ళు ట్యూబును నీళ్ళలో ముంచి బుడగలు చూస్తారు. మా ఊళ్ళో కరువు ఏళ్ళలో బిందెడు నీళ్ళకు ఆడవాళ్ళు మైలు దూరం పోవాలి. అంగడి తొట్టిలో నీళ్ళు పోయడానికి అతనికి మనసు ఒప్పేది కాదు. "మీరు తాగే నీళ్ళల్లో నేను ట్యూబు ముంచేదా?" అనేవాడు. అందుకని ట్యూబుకు గాలి కొట్టి, కన్ను బాగా తెరిచి, రబ్బరుకు వెంట్రుకవాసి దూరంలో పెట్టుకుని మెల్లగా తిప్పేవాడు. చెవికి వినపడని గాలి, చేతికి తగలని గాలి కంటికి చల్లగా తగులుతుందట. తగిలిన చోట రెప్ప టక్కున పడేది. అక్కడ గోరుతో గీత పెట్టేవాడు. ఆ కన్ను ఎప్పుడూ ఎర్రగానే ఉండేది. కళ్ళు పోతాయప్పా అని నేను రోజూ మొత్తుకునేదాన్ని.

ఇక పడవ సంగతి. పదేళ్ళ కిందట, వరసగా నాలుగేళ్ళు ఎండిన తర్వాత, మా చెరువు నిండి మరవ మీదుగా నీళ్ళు పొర్లి పారాయి. కట్ట మీద నిలబడితే చాలు కడుపు నిండినట్టుండేది. చెరువు నడుమ ఒక గుండ్లగుట్ట ఉంది. ఎండిన ఏళ్ళలో మేకలు నడిచిపోయే గుట్టే, నీళ్ళొస్తే చుట్టూ నీళ్ళతో ఒంటరిగా నిలబడుతుంది. మా అత్త కొత్త కోడలుగా వచ్చిన ఏడు చెరువు నిండితే, సొరబుర్రల తెప్ప మీద ఆ గుట్టకు పోయి ఓళిగలు తిన్నదట. కళ్ళు మూసేలోపల ఇంకోసారి ఇంటిల్లిపాదితో పోవాలని పట్టుపట్టింది.

అత్త పంటి నొప్పికి మేం నలుగురం, అంటే అత్త, మా ఇంటాయన, మరిది, నేను, బళ్ళారి పోయినప్పుడు మిలిటరీ వాళ్ళ పాత సామాను అమ్మే అంగడి ఒకటి కనిపించింది. అందులో గాలి కొట్టుకునే రబ్బరు పడవలు రెండున్నాయి. అంగడి సాహెబు రెండింటికీ గాలి కొట్టించి వీధిలో పెట్టాడు. ఒకటి పచ్చది, పెద్దది, కొత్తదానిలా నిగనిగలాడుతోంది. ఎనిమిది మంది పడతారన్నాడు. రెండోది బూడిద రంగుది, చిన్నది, ఒక పక్క పాత అతుకులు రెండు. నలుగురి కంటే ఎక్కువ పట్టరు.

"పచ్చదే తీసుకుందాం, ఇంట్లో వాళ్ళమంతా ఒగేసారి పోవచ్చు," అన్నాడు మా ఇంటాయన.

నేనూ దానికే మొగ్గాను. నా గుబులు వేరు. సగం మంది నీళ్ళ మీద ఉంటే సగం మంది ఒడ్డున నిలబడి చూడాలి. ఆ చూడటం నా వల్ల కాదు. అందరం ఒకచోట ఉంటే ఏమైనా అందరికీ అవుతుంది కదా అనుకున్నాను. అప్పుడు నాకు అదే తెలివిగా తోచింది.

మరిది వీధిలో మోకాళ్ళ మీద కూర్చుని, రెండు పడవల చుట్టూ కన్ను ఆనించి తిప్పుకుంటూ వచ్చాడు. పోయేవాళ్ళు నిలబడి చూశారు. "ఏం భాయ్, ముద్దు పెట్టుకుంటాండావా?" అన్నాడు సాహెబు.

"పచ్చదానికి వంక లేదన్నా," అన్నాడు లేచి. "కానీ దానికి ఒగటే అర. ఈ చిన్నదానికి రెండు అరలుండాయి. లోపల నడుమ గోడ ఉండాది. ఇదే తీసుకుందాం."

మా అత్త ముందుకొచ్చింది. "అరనా? సగం పడవకు దుడ్లిచ్చేదేందిరా? తక్కిన సగం యాడుండాది?"

"సగం కాదమ్మా. అర అంటే గది. గాలికి రెండు గదులు."

"గాలికి గదులు కట్టిస్తాండాడు వీడు. మనకేమో కొట్టం కప్పేదానికి గతి లేదు."

వీధిలో వాళ్ళంతా నవ్వారు. మా ఇంటాయనకు తల కొట్టేసినట్టయింది. "అతుకులేసినదాన్ని కొంటావా? నీకు అతుకులు తప్ప ఏం కనపడతాయిలే," అన్నాడు.

"పచ్చదానికి ఒగ ముల్లు గుచ్చుకుంటే ఎనిమిది మందీ పోతారన్నా. దీనికి గుచ్చుకుంటే సగం నిలస్తాది." తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు, "అందరూ ఒకే గాలి మీద కూర్చోగూడదు వదినా."

ఆ మాట అప్పుడు నాకు అపశకునంలా వినిపించింది. ముల్లు మాట ఎందుకు తీశాడని లోపల తిట్టుకున్నాను. చివరికి పడవ కొనేది అతని సంపాదనతో కాబట్టి చిన్నదే వచ్చింది. బస్సులో మా ఇంటాయన తమ్ముడికి దూరంగా పోయి కూర్చున్నాడు. పడవకు తెడ్లు లేకపోతే అత్త సంగటి గెలికే తెడ్డే తెచ్చిచ్చింది.

మొదటి రెండు ఆదివారాలూ బాగా జరిగాయి. గాలి నిండా కొట్టకుండా మెత్తగా ఉంచేవాడు. "తిండి లేని ఎద్దు డొక్క మాదిరి ఉండాదే," అని అన్న ఎగతాళి చేస్తే, "ఎండకు గాలి ఉబ్బుతాదన్నా. ఎండలో నిలబెట్టిన సైకిళ్ళు ఎన్ని పగిలినాయో నాకు తెలుసు," అన్నాడు. ముగ్గురిని దింపి వచ్చి మళ్ళీ ముగ్గురిని తీసుకుపోయేవాడు. ఒడ్డున మిగిలినవాళ్ళు సణిగేవాళ్ళు. నేను రెండుసార్లూ ఒడ్డునే ఉండి, పడవ గుట్టకు తగిలేదాకా ఊపిరి బిగబట్టుకుని, ఆ ఓళిగల రుచి కూడా తెలియకుండా తిన్నాను.

మా వాళ్ళకు నీళ్ళు అలవాటు లేదు, నేల అలవాటు. పడవలో కూర్చున్నా కింద ఎవరి మడి ఉందో చెప్పుకునేవాళ్ళు. చెరువు ఎండిన ఏళ్ళలో ఆ నేలలోనే అందరం కర్బూజ, దోస వేసుకునేవాళ్ళం కదా. "ఇప్పుడు యాడుండామురా?" అని అత్త అడగడం, "కుమ్మరోళ్ళ కర్బూజ తోట మీద పోతాండామమ్మా" అని అతను చెప్పడం, "తొక్కొద్దురా, తిడతారు" అని ఆమె అనడం. నీళ్ళ మీద నవ్వు బలే దూరం పోతుంది. ఒడ్డున నాకు వినపడేది.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఆ చెరువు నేలలో నేనూ దోస పాదులు పెట్టాను. మేకలు పడతాయని చుట్టూ తుమ్మకంప కంచె వేశాను. మేకలు ఎగురుతాయేమోనని ఇంకో వరస వేశాను. అదీ చాలదనిపించి గుంజలు పాతి, మనిషెత్తు లేపి, నా పాత నీలం చీర చింపి ఆ పేలికలతో కట్టాను. వాన పట్టగానే ఊళ్ళో దండోరా వేశారు, చెరువులో కంచెలున్నవాళ్ళు వెంటనే పీకేయాలని. అందరూ పీకారు. నాకు ఇంకా నాలుగు రోజుల్లో కోతకొచ్చే కాయలున్నాయి. నాలుగు రోజులు ఆగుదామనుకున్నాను. మూడో రోజు తెల్లారేసరికి వాగు వచ్చి చెరువులో పడింది. కంచె మునిగిపోయింది.

పడవ తెచ్చిన రోజు మరిది అడిగాడు. "మీ మడి కంచె తీసేసినావు కదా వదినా?"

"తీసేసినాలేప్పా," అన్నాను.

ఎందుకన్నానో. మా ఇంటాయన అక్కడే ఉన్నాడు. ఆయన కోపం మీకు తెలుసు. అదీగాక రెండు నిలువుల నీళ్ళ కింద ఉన్న కంచె ఎవరికి తగులుతుందిలే అనుకున్నాను.

మూడో ఆదివారం మా అమ్మాయి తన బిడ్డతో వచ్చింది. పిల్లవాడికి ఎనిమిదో నెల. అత్త, అమ్మాయి, ఒళ్ళో బిడ్డ, తెడ్డు పట్టి మరిది, నాలుగో మనిషిగా నేను. బిడ్డను నీళ్ళ మీదికి పంపి ఒడ్డున ఉండలేక ఎక్కాను. మా ఇంటాయన, మరిది భార్య, వంట సామానుతో రెండో దఫాకు ఒడ్డున ఆగారు. ఆ రెండు వారాల్లో తూము వదలడం వల్ల నీళ్ళు బాగా తగ్గాయి. అది నేను గమనించాను. గమనించి కూడా నీళ్ళపాములను గురించి భయపడ్డాను, సుడుల గురించి భయపడ్డాను, బిడ్డకు ఎండదెబ్బ తగులుతుందని కొంగు కప్పాను. అసలుదాన్ని మనసులోకి రానివ్వలేదు.

చెరువు నడిమికి వచ్చేసరికి గాలి లేచింది. పడవ పక్కకు కొట్టుకుపోతోంది. "యాడుండామురా?" అంది అత్త.

"మన మడి దిక్కు పోతాండామమ్మా. భయం లేదు, ఈడ అంతా సాపు నేల. వదిన కంచె తీసేసింది," అన్నాడు.

చెప్పాలి. ఇప్పుడు చెప్తే ఇంకా పక్కకు తిప్పవచ్చు. అత్త ఉంది, అమ్మాయి ఉంది. అబద్ధమాడానని ఎలా చెప్పను? ఇంకొంచెం దూరంలో ఉందేమో, గాలి ఆగుతుందేమో. నీళ్ళలోకి చూశాను. మట్టి రంగు నీళ్ళు, ఏమీ కనపడలేదు. తర్వాత కనపడింది, చెయ్యి పెడితే అందేంత దగ్గరలో, నీళ్ళ కింద ఒక నీలం పేలిక ఆడుతూ.

"అప్పా, తిప్పు," అన్నాను. అంతే అనగలిగాను.

తిప్పేలోపలే తగిలింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. నిద్రలో ముసలివాళ్ళు ఊపిరి వదిలినట్టు వచ్చింది. అమ్మాయి కూర్చున్న పక్క మెల్లగా చదునై నీళ్ళు లోపలికి వచ్చాయి. అమ్మాయి బిడ్డను తల మీదికి ఎత్తింది. నేను ఆమె జాకెట్టు పట్టుకున్నాను. అత్త గంగమ్మను పిలుస్తోంది.

"ఎవురూ లేయొద్దు," అన్నాడు మరిది. గొంతు పెంచలేదు. "గాలి పోతాండేది ఆ అరలోనే. ఈ అర గట్టిగుండాది. కూర్చునే ఈ పక్కకు జరుగు పాపా. ముందు బిడ్డను వదినకియ్యి. అమ్మా, నువ్వు కూడా. గంగమ్మను తర్వాత పిల్చుకుందువులే."

ముగ్గురం గాలి నిలిచిన అర గోడ మీద ఒకరి మీద ఒకరం కుప్పగా పడ్డాం. బిడ్డ నా గుండె మీద. ఆ గోడ కిందికి వంగింది గానీ మునగలేదు. అతను నీళ్ళలోకి దిగాడు. ఒడ్డు దాకా పోయే మా మడి గట్టు అక్కడ ఎక్కడుందో అతనికి తెలుసు. కాళ్ళతో వెతుక్కుని గట్టు మీద నిలబడ్డాడు. నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. పడవ అంచు పట్టుకుని, ఆ గట్టు వెంబడే, నా కంచె వెంబడే, అడుగు తీసి అడుగు వేసుకుంటూ ఒడ్డు వైపు లాగాడు. అడుగు పడినప్పుడల్లా అతని మొహం బిగుసుకోవడం చూశాను. ఎందుకో అప్పుడు తెలియలేదు. ఒడ్డు దగ్గరయ్యేదాకా బిడ్డ నా ముక్కుపుడక పట్టుకుని ఆడుకున్నాడు.

మా ఇంటాయనకు ఈత రాదు. నడుము లోతు నీళ్ళలోకి వచ్చి నిలబడ్డాడు. బిడ్డను అందుకుని, ఒళ్ళంతా తడిమి చూసి, అప్పుడు అడిగాడు. "ఏమయిందిరా?"

మరిది ఒక్కసారి నా వైపు చూశాడు.

"అతుకు ఊడిందన్నా," అన్నాడు. పడవను తనే చుట్టి, తనే భుజాన వేసుకున్నాడు. ఎవరినీ చూడనివ్వలేదు.

కట్ట మీద అప్పటికి ఊరు సగం చేరింది. వాళ్ళందరి ముందర మా ఇంటాయన తమ్ముడి మీద చెయ్యెత్తాడు. అత్త అడ్డం వచ్చినా ఆయన ఆగలేదు. "అతుకులదాన్ని కొనొద్దని మొత్తుకున్నానే. నీ అతుకు నమ్ముకుని బిడ్డనెక్కిస్తే చంపబోతివి కదరా. ఇంగ ఊళ్ళో ఎవుడన్నా నీ అంగడికి సైకిలు తెస్తాడా?" అన్నాడు. మరిది తల వంచుకుని నిలబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను. తడిచీరతో, బిడ్డ నా చేతిలోనే ఉండగా, నోరు మూసుకుని ఉన్నాను.

పొద్దు వాలేముందు వాళ్ళ కొట్టంలో అతని అరికాళ్ళలో ముళ్ళు తీశాను. రెండు కాళ్ళలో కలిపి ఎన్నున్నాయో. పిన్నీసుతో తీస్తుంటే పళ్ళు బిగబట్టుకున్నాడు. చివర జేబులోంచి ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. పడవకు గుచ్చుకున్న తుమ్మముల్లు. దానికి నా నీలం చీర పేలిక ఇంకా ముడి వేసే ఉంది.

"మీ మేకలు చానా ఎత్తు ఎగురుతాయి మాదిరుండాదే వదినా," అన్నాడు.

నేను ఏడ్చాను. ఇప్పుడే పోయి అందరికీ చెప్తానన్నాను.

"గమ్మునుండు. తప్పు అతుకు మీద పోతే నాలుగు దినాలు నవ్వుతారు. నీ మీద పోతే నవ్వరు. అన్న నిన్ను బతకనీడు, పాప అత్తగారోళ్ళు బిడ్డను ఈ ఊరికి మళ్ళా పంపరు." కాలు నేలకు ఆనించి చూసుకుంటూ మళ్ళీ అన్నాడు, "నువ్వు భయపడేదానివి వదినా. ఇదొగటి కూడా నీకెందుకు?"

నాలుగు రోజుల్లో నవ్వులు ఆగలేదు. ఏడాది పైగా ఊళ్ళోవాళ్ళు బస్సులు ఆగే చోట ఉన్న ఇంకో అంగడికి సైకిళ్ళు తోసుకుంటూ పోయారు. వానలు మళ్ళీ మొహం చాటేశాయి, వేసవికి చెరువు ఎండింది, ఆ గుట్టకు మళ్ళీ మేకలే నడిచిపోయాయి. పడవను అతను కత్తిరతో కొంచెం కొంచెంగా కోసి సైకిలు ట్యూబులకు అతుకులుగా వాడాడు. మెల్లగా జనం తిరిగొచ్చారు. పంచరు వేసిన ప్రతిసారీ చక్రం బిగించేముందు ట్యూబును ఆ మనిషి ముందర పెట్టి, "గోరు పెట్టి లాగి చూడప్పా. వస్తే దుడ్లొద్దు," అనేవాడు. అంతకుముందు ఆ అలవాటు లేదు. ఆ మాట విన్నప్పుడల్లా గోరు నా గుండెలో దిగేది.

మా ఇంటాయన పోయి మూడేళ్ళయింది. ఆ రోజు నుంచే చెప్పి ఉండవచ్చు. భయపడాల్సిన మనిషి లేడు. అయినా రేపు చెప్దాం, పండగకు అందరూ వచ్చినప్పుడు చెప్దాం అనుకుంటూ వచ్చాను. దోసకాయలకు నాలుగు రోజులు ఆగినట్టే దీనికీ ఆగాను.

పోయిన ఏడు అతన్ని అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు ఎక్స్‌రే ఫోటో వెలుతురుకు పట్టి, ఒక వైపు ఊపిరితిత్తి పూర్తిగా చెడిపోయిందన్నాడు. నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. అతను చొక్కా తొడుక్కుంటూ నవ్వాడు. "ఇంగో అర ఉండాది కదా వదినా. లే, బస్సు పోతాది." ఆ ఒక్క అర మీద ఏడాది బతికాడు, ఒక్క రోజు కూడా అంగడి మూయకుండా.

మొన్న మా తోడికోడలు అతని పెట్టె తెరిచింది. అడుగున మడత పెట్టిన బూడిద రంగు రబ్బరు ముక్క ఉంది. పడవనంతా కోసినా అదొక్కటి కోయలేదు. పాత అతుకులు రెండూ దాని మీదే ఉన్నాయి. వాటికి జానెడు దూరంలో ముల్లు దిగిన చిల్లు ఉంది. దానికి మాత్రం అతుకు వేయలేదు, అలాగే వదిలేశాడు. ఇదేందక్కా, ఎందుకు దాచినాడు, అని ఆమె అడిగితే ఆదివారం చెప్తానన్నాను. ఆ ముల్లు నా దగ్గరే ఉంది, అగ్గిపెట్టెలో, పేలికతో సహా.

వచ్చే పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారం కల్యాణదుర్గంలో మా అమ్మాయి ఇంటి నుంచి మొదటి బస్సుకు వస్తాను. మనవడిని తీసుకురావడానికే ముందు రోజు అక్కడికి పోతాను. అక్కా, మోకాళ్ళు నొప్పయినా బండి కట్టించుకుని రా. తమ్ముడూ, మందు సీసా మరిచిపోకుండా రా. ఊళ్ళోవాళ్ళకు కూడా చెప్పండి, ముఖ్యంగా నవ్వినవాళ్ళకు. అంగడి ముందరి బల్ల మీద ఆ రబ్బరు ముక్క పరిచి పెడతాను, పక్కన అగ్గిపెట్టె. ఒక్కొక్కరే వచ్చి ఆ అతుకుల కింద గోరు పెట్టి లాగి చూడండి. ఆదివారం పొద్దున, ఎనిమిది గంటలకు.